పట్టాలకు అవతల ఉండిపోయిన సిలిండర్

మా ఖరగ్‌పూర్ చాలా తుపానులు చూసింది. ఒకదాన్ని మాత్రం నేనే చేతులారా రాసి, స్పైరల్ బైండింగ్ చేయించి మరీ తెచ్చాను. దానివల్ల ఒక పెద్దాయన ఊపిరి మీదికి వచ్చింది. ఆయన క్షేమమే కనుక మీరు నిర్భయంగా నవ్వవచ్చు. నేను మాత్రం ఇప్పటికీ సగమే నవ్వగలను.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. మా ఊళ్ళోనే ఇందా అనే పేటలో, ఒక ఆయా సెంటర్‌లో ఉద్యోగం. మంచం పట్టినవాళ్ళ ఇళ్ళకు ఆయాలను పంపడం మా పని. తుపాను కాలం దగ్గర పడుతుంటే మా సుగుణ మేడమ్ పిలిచి, "కరెంటు పోయి, రోడ్లు మునిగిపోతే మన పేషెంట్లని ఎవులు సూస్తారు శాంతీ? ఒక ప్లాన్ రాయి" అన్నారు.

అడగడమే ఆలస్యం! మూడు వారాలు కుర్చీ వదల్లేదు. ఊరి మేప్ నలుపు తెలుపుల్లో ప్రింటు తీసి, మా అక్క కూతురి జామెట్రీ బాక్సులోని కంపాస్‌తో ప్రతి పేషెంటు ఇంటి చుట్టూ వృత్తం గీశాను. ఆ వృత్తంలో ఏ ఆయా ఇల్లుంటే ఆపదలో ఆమే పరుగెత్తాలి. అలకగానే పండగ కాదంటారు. బైండింగ్ చేయగానే ప్లాన్ కూడా కాదని నాకెవరూ చెప్పలేదు.

మా పేషెంట్లలో అప్పారావు తాత ఒకరు. గూడ్సు గార్డుగా రిటైరయ్యారు. ఊపిరితిత్తులు దెబ్బతిని రోజంతా ఆక్సిజన్ మెషిన్ మీదే ఉండేవారు. కరెంటు పోతే మెషిన్ ఆగుతుంది కనుక, మంచం పక్కనే ఒక చిన్న సిలిండర్ ఉండేది. "సిలిండర్ పని తెలిసిన మనిషి చేతిలోనే ఉండాలి" అని పద్నాలుగో పేజీలో రాసి, దాన్ని మేరీ అత్త ఇంటికి మార్పించాను. మా ఆయాలందరిలో పెద్దది మేరీ అత్త.

"నాకు దూరం కాదేటి పాపా?" అంది ఆమె.

"మేప్‌లో సూడత్తా, నాలుగొందల మీటర్లే."

"మేప్‌లో సరేగానీ..."

"మేప్ సదవడం వచ్చేటి నీకు?"

నేను గెలిచాననుకున్నాను.

తుపాను రానే వచ్చింది. తాతగారింట్లో పగలు ఉండే ఆయాది ఊరికి దూరంగా ఉండే సాలువా. బస్సులు ఆగకముందే ఇల్లు చేరాలని, ప్లాన్ ప్రకారం ఆమెను పదకొండింటికే పంపేశాను. తాతగారి కూతురు నర్సు, ఆస్పత్రి డ్యూటీలో ఉంది. ఇక కరెంటు పోగానే మేరీ అత్త సిలిండర్‌తో వెళ్ళడమే తరువాయి. మధ్యాహ్నం ఊరంతా కరెంటు పోయింది. వెంటనే అత్త ఫోను.

"పాపా, అండర్‌పాస్ నిండా నీళ్ళే. టోటో రిక్షా వోడు రానన్నాడు."

"నడిసెల్లిపో అత్తా! నాలుగొందల మీటర్లే కదా!"

"నడవడానికి దారేదీ? మద్దిన యార్డు ఉంది కాదేటి? సిలిండరు సంకనెట్టుకొని గూడ్సు బళ్ళ కింద దూరమంటావేటి?"

"యార్డా?" అన్నాను.

చదివేవారు ఒక్క నిమిషం నన్ను మన్నించాలి. మా ముత్తాత ఈ ఊరు వచ్చిందే రైల్వే కొలువు కోసం. నాలుగు తరాలుగా ఆ పట్టాల మీద తిండే తింటున్నాం. అలాంటి నేను ఖరగ్‌పూర్‌కు ప్లాన్ రాస్తూ రైల్వేను మరిచిపోయాను. మేప్‌లో ఆ సన్నటి గీతల్ని చూసి కాగితం మడతలనుకున్నాను!

తాతగారికి ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదు. స్కూటీ తీసుకుని వానలో మేరీ అత్త ఇంటికి పోయాను. ఆమె సిలిండర్‌ను చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చుంది. విరిగిపడ్డ కొమ్మల్ని తప్పించుకుంటూ, పెద్ద బ్రిడ్జి మీదుగా చుట్టూ తిరిగి వెళ్ళేసరికి గంట పట్టింది. దారిపొడుగునా అత్త "ప్రభువా, ప్రభువా" అంటూనే ఉంది. నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

తాతగారి తలుపు తీసే ఉంది. గుమ్మం దగ్గరే ఆగి చెవులు రిక్కించాను.

లోపల మెషిన్ గుర్రుమంటోంది.

పక్కింటి గోడ వెంటిలేటర్‌లోంచి తెల్లటి వైరొకటి దిగి మెషిన్‌కు తగులుకుని ఉంది. మంచం పక్కన పొరుగింటి మిఠూ దీదీ కూర్చుని తాతగారి వీపు నిమురుతోంది. నన్ను చూసి, "డరో మత్. మేరా ఇన్వర్టర్ సే లైన్ దియా" అంది. భయపడకు, మా ఇన్వర్టర్ నుంచే కరెంటు ఇచ్చానని. తాత గోడ మీద గ్లాసుతో కొడుతుంటే విని పరుగెత్తుకొచ్చిందట. అప్పటికి పది నిమిషాలుగా మెషిన్ ఆగిపోయి, ఆయన పెదాలు నీలంగా మారాయట. నలభై రెండు పేజీల నా ప్లాన్‌లో మిఠూ దీదీ పేరు ఎక్కడా లేదు.

తాత కాళ్ళ దగ్గర కూలబడ్డాను. "తప్పైపోనాది తాతా. యార్డు ఉందని మరిసిపోనాను."

ఆయన ఊపిరి కూడదీసుకుంటూ నా వైపు తిరిగారు. తర్వాత భుజాలు కదలసాగాయి. ఆయాసమేమోనని బెదిరిపోయాను. నవ్వట!

"ముప్పయ్యేళ్ళు ఆ యార్డులో సేసినాను... ఒక్క వేగన్ కనపడకపోతే మెమో ఇచ్చేవోరు. నువ్వు యార్డు మొత్తం మాయం సేసినావు కదే!"

సిలిండర్ ఆ సాయంత్రమే మంచం పక్కకు చేరింది. ఇక నా శపథం. నా మీద, నాలుగు తరాల రైల్వే పాసుల మీద ఒట్టేసి చెబుతున్నాను: వానలో నా చెప్పులు తడవనిదే ఏ దారినీ దారి అని రాయను. కంపాస్ అంటారా, మా ఇంటి గుమ్మం దాటదు. గుండ్రంగా గీయవలసి వస్తే ముగ్గులున్నాయి.