జర అంటే ఎంత

ఈ సాయంత్రం మా అత్తమ్మ వంటింట్లోంచి వచ్చి, కొంగుకు చెయ్యి తుడుచుకుని, పడుకున్న నా బిడ్డ నుదుటి మీద అరచెయ్యి ఆనించింది. ఆ చేతికి ఇంకా మెంతికూర వాసన ఉంది. "పొల్ల పెయ్యి జర ఎచ్చగున్నది" అంది. ఆ మాట చెవిన పడగానే నేను మడతపెడుతున్న గౌను చేతిలోంచి జారిపోయింది. 'జర' అంటే మా పెద్దపల్లిలో కొంచెం అని. జర ఆగు, జర జరుగు, జర ఉప్పెయ్యి అని అందరూ పొద్దస్తమానం అనే మాటే. దానికి భయపడటం నాకు నేర్పింది వత్సల టీచర్.

థర్మామీటర్ పెట్టి చూశాను. నూటికి కాస్త లోపే ఉంది. మా డాక్టరు చెప్పిన హద్దు నూట ఒకటి. అది దాటితే ఇంట్లో మాత్ర వేసి చూద్దామనే మాట లేదు, కరీంనగర్ ఆసుపత్రికి బయలుదేరడమే. సంచీ సర్ది తలుపు పక్కన పెట్టాను. ఉదయం నుంచి నాకూ తలనొప్పిగా ఉంది, కానీ పడుకుంటే నిద్ర పట్టేస్తుందని భయం. ఊరికే కూర్చుంటే చెడ్డ ఆలోచనలు వస్తాయి. అందుకే ఆమె గురించి రాస్తున్నాను.

నా కూతురు సహస్రకు సికిల్ సెల్ జబ్బు ఉంది. గుండ్రంగా ఉండాల్సిన ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయి సన్నటి నాళాల్లో ఇరుక్కుంటాయి. ఎక్కడ ఇరుక్కుంటే అక్కడ నొప్పి. మామూలు జ్వరం కూడా ఇలాంటి పిల్లల్లో చూస్తుండగానే ప్రాణం మీదికి వస్తుంది. నాలో సగం, నా భర్తలో సగం దాగి ఉన్నది బిడ్డలో మొత్తంగా కలిసిందని డాక్టరు చెప్పిన రోజున, ఇంటికి వచ్చేదాకా మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. ఆయన సెలవు అయిపోయి దుబాయి వెళ్లిపోయాడు. నేనూ, అత్తమ్మా, బిడ్డా, అలమారలో మందులూ మిగిలాం. రెండు పూటలా పెన్సిలిన్, పొద్దున ఫోలిక్ యాసిడ్, రాత్రి హైడ్రాక్సీయూరియా. ఈ చివరిది తెల్లకణాలను కూడా తగ్గించగలదు కాబట్టి మానకుండా రక్తపరీక్షలు. మందు ఇస్తే ఏమవుతుందోనని భయం, మానితే ఏమవుతుందోనని అంతకంటే భయం.

ఆ రోజుల్లోనే మా ముందు పోర్షన్ అద్దెకు అడగడానికి వత్సల టీచర్ వచ్చింది. ఆదిలాబాద్‌కు అవతల, మహారాష్ట్ర అంచున ఉన్న ఊరు ఆమెది. ఇక్కడి హైస్కూలుకు బదిలీ అయి వచ్చింది. ఎడమ కాలు కొంచెం ఈడుస్తూ నడిచేది. అద్దె మాట్లాడుతూనే ఆమె చూపు అలమార మీద ఆగింది.

"ఆ గోలీలు ఎవరికి?" అంది.

"మా పొల్లకమ్మా. బలం గోలీలు" అంది అత్తమ్మ. చుట్టాలందరికీ అలాగే చెబుతుండేది.

టీచర్ మందు పట్టీ తీసుకుని వెనక్కి తిప్పి చూసింది. "గిదే మందు నేను సుత మింగుత" అంది మామూలుగా.

నేను ఆమెనే చూస్తూ నిలబడిపోయాను. జుట్టులో అక్కడక్కడా తెలుపు, భుజాన సంచీ, ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు. ఈ జబ్బుతో నలభై దాటిన మనిషిని చూడటం నాకు అదే మొదటిసారి. ఏమీ అడగకుండానే తాళంచెవి ఇచ్చేశాను.

సామాను సర్దుకోకముందే ఆమె అత్తమ్మతో పోట్లాట పెట్టుకుంది. "బలం గోలీలని ఎందుకు జెప్తున్నవవ్వా? రేపు పోరి జర బొద్దుగైతది. 'బలం వచ్చింది గద, ఇగ గోలీలెందుకు' అని ఎవడో ఒకడు బంద్ చేపిస్తడు. జబ్బు పేరు జెప్పు."

"ఆడివిల్ల గదమ్మా. పేరు జెప్తే రేపు పెండ్లికి..."

"పెండ్లి దాంక ఉండాలె గద ముందు" అంది టీచర్. అత్తమ్మ వారం పాటు ఆమెతో మాట్లాడలేదు. కానీ ఆ తర్వాత మా ఇంట్లో బలం గోలీలు అన్న మాట వినపడలేదు.

ఆ చలికాలం ధర్మపురిలో సహస్ర పుట్టెంట్రుకలు తీయించాం. టీచర్ కూడా వచ్చింది. గుండు చేయించాక గోదావరిలో ముంచాలని పెద్దవాళ్లంతా పట్టుబట్టారు. చన్నీళ్లు తగిలితే నొప్పులు తిరగబెడతాయని నేను చెబుతూనే ఉన్నాను, ఎవరూ వినడం లేదు. అత్తమ్మకు అన్న అయ్యే పెద్దాయన బిడ్డను నా చేతుల్లోంచి తీసుకున్నాడు. "జర ముంచి తీస్తే ఏమైతదే? దేవుని నీళ్లు" అంటూ మెట్టు దిగాడు.

టీచర్ కాలు ఈడ్చుకుంటూ వెళ్లి ఆయన కన్నా కింది మెట్టు మీద అడ్డంగా నిలబడింది. "జర అంటే ఎంత బాపూ?"

"ఏంది?"

"మోకాళ్ల దాంకనా, మెడ దాంకనా? ముంచుడు తీసుడేనా, మంత్రం అయ్యేదాంకనా?"

"ఏందమ్మా, లెక్కల టీచరువా?"

"తెలుగు టీచర్‌నే. గందుకే మాటకు అర్థం అడుగుతున్న."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆయనకూ నవ్వొచ్చి బిడ్డను నా చేతికి ఇచ్చేశాడు. టీచర్ సంచీలోంచి ఫ్లాస్కు తీసింది. గోరువెచ్చటి నీళ్లు చెంబులో పోసి, అందులో దోసెడు గోదావరి కలిపి, "గిది లెక్క" అని సహస్ర గుండు మీద మెల్లగా పోసి, వెంటనే తువ్వాలు చుట్టింది. బిడ్డ ఏడవలేదు. నేనే ఏడ్చాను.

ఆ రోజు నుంచి మా ఇంట్లో 'జర' నిషేధం. కాలు జర నొస్తుందట అని నేను అంటే, "ఎంత? ఆడుతుందా, ఆడుడు ఆపి కూసున్నదా, పండుకున్నదా?" అని అడిగేది. ఆ ప్రశ్నలకు జవాబు చెప్పాలంటే బిడ్డ దగ్గరికి వెళ్లి మళ్లీ చూడాల్సి వచ్చేది. అప్పటిదాకా నేను నా భయాన్ని చూస్తున్నాను, బిడ్డను చూడటం లేదు.

తర్వాతి వానాకాలంలో ఒక మధ్యాహ్నం సహస్ర ఒళ్లు కాలింది. నూట రెండు. బయట కుండపోత. "జర ఎచ్చవడ్డది, పొద్దటికల్లా తగ్గుతది" అంది అత్తమ్మ. ఫోన్లో నా భర్త కూడా జర ఆగి చూద్దామన్నాడు. స్కూలు నుంచి తడిసి వచ్చిన టీచర్ గుమ్మంలో నిలబడి వింటోంది. ఆమె చెబుతుందని నేను ఆమె వైపు చూశాను. ఆమె గొడుగు మడుస్తూ ఉంది.

"నాదిక్కేం జూస్తున్నవ్ బాయీ? నేను రేపు బదిలీ అయి పోత. నువ్వు జెప్పు."

ఫోన్లో ఆయన పిలుస్తున్నాడు. "పోతున్నం" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆసుపత్రిలో చీటీ మీద ఎన్నో నెంబరని అడుగుతున్న కుర్రడాక్టరుకు, "సికిల్ సెల్. జ్వరం నూట రెండు, మధ్యాహ్నం నుంచి. పొద్దున పెన్సిలిన్ వేశాను. ఊపిరి వేగంగా తీస్తోంది" అని చెప్పాను. అతను వెంటనే లేచాడు. ఊపిరితిత్తిలో నిమ్ము మొదలైందని ఎక్స్‌రేలో తేలింది. పొద్దటిదాకా ఆగకపోవడం మంచిదైందని పెద్ద డాక్టరు అన్నాడు. ఆ మాట అత్తమ్మ కూడా విన్నది.

టీచర్ అన్నట్టే బదిలీ మీద సొంత జిల్లాకు వెళ్లిపోయింది. ఆదివారాలు ఫోన్ చేసేది. నిరుడు ఒక ఆదివారం ఆమె సహస్ర గురించి అంతా అడిగాక, మీరెలా ఉన్నారని నేను అడిగాను. "ఏం లేదు బాయీ. ఛాతిల జర పట్టేసినట్టున్నది. రేపు పిల్లలకు పరీక్షలున్నయ్, అయినంక జూపిచ్చుకుంట" అంది.

"జర అంటే ఎంత టీచర్?"

నవ్వబోయింది. ఊపిరి అందక నవ్వు సగంలో తెగింది. "గుంజితే ఊపిరి నిండుతలేదు" అంది. ఫోను ఇంట్లో ఉన్న ఆమె తమ్ముడికి ఇమ్మన్నాను. వాళ్లు అప్పటికప్పుడే బయలుదేరారు. కానీ ఆమె ఆసుపత్రి నుంచి తిరిగి రాలేదు.

మా ఇంట్లో అందరి నోటా ఆ మాట మాన్పించాలని చూసిన మనిషి తన కోసం ఒకటి దాచుకుంది. అంతకుముందు రోజు కూడా ఎవరితోనో అదే మాట అని ఉంటుంది. అవతలివాళ్లు ఎంత అని అడిగారో లేదో.

ఇప్పుడే మళ్లీ థర్మామీటర్ పెట్టి చూశాను. అంతే ఉంది, పెరగలేదు. కలం పట్టుకోబోతుంటే చీకట్లోంచి అత్తమ్మ గొంతు వినిపించింది.

"ఎంతున్నది?"

చెప్పాను.

"నీ తలనొప్పి తగ్గిందా?"

"జర..." అనబోయి ఆగాను. "తగ్గలేదత్తమ్మా. కండ్లు తెరువస్తలేదు" అన్నాను.

ఆమె లేచి దీపం దగ్గరికి వచ్చింది. "అయితే పండుకో. నేను జూస్త. ఎంత దాటితే లేపాలె?"

"నూట ఒకటి."

"నూట ఒకటి" అని తనలో తాను ఇంకోసారి అనుకుని చెయ్యి చాపింది. థర్మామీటర్ ఆ చేతిలో పెట్టాను.