బాబాయికి కనిపించని ముక్కుపుడక

నా చిన్నప్పుడు మా బాబాయి తాగుడు వల్ల ఇంట్లో పోయినవి ఇవి: రెండు కళ్లజోళ్లు, ఒక సైకిలు, రోల్డుగోల్డు కొట్టులో తొమ్మిదేళ్లుగా చేస్తున్న పని, ఆయన కళ్లకు కనిపించే ఎరుపు రంగు. మొదటి మూడూ ఎలా పోయాయో అందరికీ తెలుసు. ఎరుపు పోయిన సంగతి మాత్రం ఆయన ఒప్పుకునేవాడు కాదు.

మాది బందరు పక్కన చిలకలపూడి. తొంభైల్లో బాబాయి అక్కడే దుద్దుల్లో రాళ్లు పొదిగేవాడు. పనికి కూర్చునే ముందు ఒక గ్లాసు, లేచాక ఎన్నో లెక్కలేదు. అన్నం పెడితే రెండు ముద్దలు కెలికి వదిలేసేవాడు. కొన్నాళ్లకు ఎర్రరాళ్ల పువ్వులో పచ్చరాయి పొదిగి పంపడం మొదలుపెట్టాడు. కొట్టాయన సరుకు తిప్పి పంపితే, "కరెంటు డిమ్ముగా వస్తోందండీ, నేనేం చెయ్యను?" అనేవాడు. పట్టపగలు చేసిన పనికి కూడా కరెంటుదే తప్పు. తర్వాత రాళ్లు నాసిరకం అన్నాడు, ఆ తర్వాత కళ్లజోళ్లవాడికి పని రాదన్నాడు. సీసా మాట మాత్రం ఎత్తలేదు. పిన్ని ఏడ్చింది, నాన్న అరిచాడు. గుడివాడలో కళ్ల డాక్టరు దగ్గరకు రమ్మంటే రాడు. వెళ్తే మానెయ్యమంటారని ఆయనకు తెలుసు.

ఒక ఉదయం మా నాయనమ్మ తన ముక్కుపుడక తీసి నా గుప్పిట్లో పెట్టి, మాట్లాడొద్దని సైగ చేసింది. అరుగు మీద, మంచి వెలుతురులో, బాబాయికి ఎదురుగా కూర్చుంది.

"ఒరేయ్, నా ముక్కుపుడకలో రాయి కదులుతోందేమో చూడు."

ఆయన కళ్లు చిట్లించి ఆమె ముఖంలోకి చూశాడు. "లేదమ్మా, గట్టిగానే ఉంది. మురికి పట్టిందంతే. కుంకుడు రసంలో నానబెట్టు."

నాకు నవ్వు ఆగలేదు. ఇంకెవరూ నవ్వలేదు. నాయనమ్మ ఆయన వేలు పట్టుకుని తన ముక్కు మీద ఆనించింది. ఆ వేలు అక్కడే చాలాసేపు తడుముకుంది.

"ఎదురుగా ఉన్న అమ్మ ముఖమే ఆనట్లేదురా నీకు. ఇప్పుడు కరెంటాఫీసుకు వెళ్దామా, గుడివాడ వెళ్దామా?"

మధ్యాహ్నం బస్సుకే వెళ్లారు. డాక్టరుగారు అద్దాలేవీ రాయలేదు. తాగుడుకీ, సరైన తిండి లేకపోవడానికీ కంటి వెనక నరం దెబ్బతిందన్నారు. మానేసి, వేళకు తిని, మందులు వాడితే ఇంకా పోకుండా ఆగుతుందని, కొంత రావచ్చని, పోయిందంతా వస్తుందని మాట ఇవ్వలేనని చెప్పారు. ఏడాది ముందు రావాల్సిందన్నారు. ఆ ఏడాదంతా మేం కరెంటు గురించి వాదించుకుంటూ కూర్చున్నాం.

బాబాయి నిజంగానే మానేశాడు. అంచుల్లో చూపు నిలిచింది, నడుమ చూపు తిరిగి రాలేదు. తాగింది పన్నెండేళ్లు, మాని ముప్ఫై ఒక్కేళ్లు. ఎటునుంచి కూడినా చెల్లు కావడం లేదు. అందుకే ఎవరైనా "వచ్చే నెల నుంచి మానేస్తాను" అంటే నాకు ఒళ్లు మండుతుంది. వాదించను. చెయ్యి పట్టుకుని ఆ రోజే బస్సెక్కిస్తాను.

నేను వెళ్లినప్పుడల్లా ఆయన నా చెవి పక్కకు చూస్తూ, "వచ్చావా అమ్మాయ్" అంటాడు. అలా పక్కకు చూస్తేనే నేను ఆయన కంటికి కాస్త ఆనుతాను. సూటిగా చూస్తే నా ముఖం ఉండాల్సిన చోట మసక. నేను ఎనిమిదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు చూసిన ముఖమే ఆయన దగ్గర ఉంది. తర్వాతి ముప్ఫై రెండేళ్ల ముఖం ఇంకా బాకీ.