గుమ్మంలోకి ఒక అడుగు

బుధవారం మధ్యాహ్నం మూడూ పదికి మా బామ్మర్ది వెనక్కి ఒక అడుగు వేశాడు. మొన్న మనవరాలు ఫోనులో ఏదో ఆట పెట్టేసరికి ఆ గడియ మళ్ళీ నా మీదికొచ్చింది. నల్ల తెర, దాని నిండా చుక్కలు, చుక్కల మధ్య ఇంగ్లీషు అక్షరాలు. "పాత ఆట తాతా, నీకు తెల్వదు" అంది. తెలుసు. నేను ఆ అక్షరాలు నేర్చిందే దాంట్లో.

తొంభైల్లో నేనూ బామ్మర్దీ సినిమా ఫైటర్లం. పని లేని రోజు ఫిల్మ్‌నగర్‌లో ఒక డబ్బింగ్ థియేటర్ సౌండాయన మమ్మల్ని కంప్యూటర్ ముందు కూర్చోనిచ్చేవాడు. నలభై దాటినా నాకు ఒక్క ఇంగ్లీషు అక్షరం రాదు. "ఇగో బావా, గిది ఆర్, ఎలుక. గిది జడ్, లేచొచ్చిన పీనుగ" అని బామ్మర్ది చెప్పేవాడు. పీనుగల దగ్గర చదువుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను. ఆ ఆటలో అక్షరాలే రాక్షసులు. మనం ఒక అడుగు వేస్తే అవీ ఒక అడుగు వేస్తాయి, మనం ఆగితే ఆగుతాయి. మా ఫైట్లూ అంతే కదా, హీరో ఒకణ్ణి కొట్టేదాకా మిగతావాళ్ళం కర్రలూపుతూ వంతుకోసం నిలబడతాం. కానీ ఆటలో రాక్షసులకు మన మర్యాద లేదు. ఖాళీ జాగాలో దొరికితే చుట్టూ చేరి కొరుకుతాయి. అందుకని నేనొక కిటుకు పట్టాను: గుమ్మంలోకి జరిగితే ఎన్నున్నా ఒక్కటే మీదికి రాగలదు.

ఆ బుధవారం జూబ్లీహిల్స్ బండల మీద ఇంటి సెట్టు. బామ్మర్ది హీరోకి డూప్. కొత్తగా ఉంటుందని ఫైట్ మాస్టారు మా ఐదుగురినీ ఒకేసారి మీద పడమన్నాడు. రిహార్సల్లోనే వాడికి రెండు దెబ్బలు గట్టిగా తగిలాయి. "నాలుగు లెక్కెట్టగానే గుమ్మం అంటుకుంటుందయ్యా. నువ్వు ఎడమకి, వాకిట్లోకి దూకాలి" అని మాస్టారు రెండుసార్లు చెప్పాడు. నేను విన్నాను. విని కూడా, కెమెరా తిరిగే ముందు వాడి చెవిలో "ఊకె దెబ్బలెందుకు తింటవ్‌రా? ఆటల లెక్క దర్వాజలకు జరుగు" అన్నాను.

"నువ్వున్నంక ఫికరేంది బావా" అని నవ్వాడు.

జరిగాడు. కిటుకు పనిచేసింది, వాడి మీదికి ఒక్కడే రాగలిగాడు. ఆ ఒక్కడూ నేనే. నాలుగో లెక్కకు పెట్రోలు భగ్గుమన్నప్పుడు కర్ర పట్టుకుని వాడి దారికడ్డంగా నిలబడి ఉన్నాను. మంట ఎవరి అడుగు కోసమూ ఆగలేదు.

"తమ్ముడు గాడికెందుకు పోయిండు?" అని వాడి దినాలనాడు మా ఆవిడ అడిగితే, "మాస్టారే పొమ్మన్నడు" అన్నాను. అందరూ అదే నమ్మారు. ఆయనకు మళ్ళీ ఎవరూ పనివ్వలేదు. ఏళ్ళు గడిస్తే ఏదైనా మెత్తబడుతుందంటారు. అబద్ధం మెత్తబడదు, ముదురుతుంది. ఈ కాయితం రేపు పొద్దున ఆవిడకు నేనే చదివి వినిపిస్తాను. ఆ రోజు అక్కడున్నది కెమెరా వెంకటరత్నం, మంట పెట్టిన పోచయ్య, కర్రలు పట్టిన నర్సింగు, జహంగీరు, బాలయ్య, మల్లేశు, సరిగ్గానే చెప్పిన సూరిబాబు మాస్టారు, మా బామ్మర్ది యాదగిరి, నేను.