మల్లేశం షెడ్డుకు కట్టిన వించ్

2015, కరువు ఏడాది. సిరిసిల్లలోని నా వెల్డింగ్ షాపుకు బోయినపల్లి నుంచి మల్లేశం వచ్చాడు. ఇంటి వెనక రేకుల షెడ్డులో ట్రాక్టర్ ఇంజన్లు బాగు చేస్తాడు. ఆ పని గల్ఫ్‌లో నేర్చుకున్నాడు, నడుము నొప్పి కూడా అక్కడినుంచే తెచ్చుకున్నాడు.

"ఇంజన్ లేపాల్నంటే బొంగుకు కట్టి నలుగురం భుజాలేసేటోళ్లం అన్నా. గిప్పుడు వాడకట్ల ఎవడున్నడు? అందరు దుబాయో, భీవండో పోయిండ్రు. గల్ఫ్ ఏజెంటు నాకు గూడ రోజు ఫోన్ చేస్తుండు. ఇంజన్ లేపే ఉపాయం లేకుంటే నేను గూడ పోవుడే."

షెడ్డు పైపులకే వించ్ వేలాడదీసి తొందరగా ముగించమన్నాడు. వించ్ అంటే ఇనుప తాడు చుట్టుకుంటూ బరువు లేపే డ్రమ్ము. రేకులు మోసే పైపులు ఇంజన్ మోస్తాయా? నాకు ఒళ్లు మండింది.

"ఇంజన్‌తోటి రేకులు గూడ నెత్తి మీద పడాల్నా? గట్లయితే నేను కట్ట, పో!"

చివరికి నా మాటే నెగ్గింది. కాంక్రీటు పోసి నాలుగు స్తంభాలు నిలబెట్టి, వాటి మీద ఐ-బీమ్ అనే ఇనుప దూలం ఎక్కించాను. దాని అంచుల మీద దొర్లే ట్రాలీకి వించ్ బిగించాను. కిందికి వేలాడే గొలుసు లాగితే డ్రమ్ము తిరుగుతుంది. వదిలేసినా బరువు జారకుండా గేరు పట్టి ఉంచుతుంది.

మొదటి ఇంజన్ కట్టి మల్లేశం గొలుసు లాగాడు. అది నడుమెత్తు లేచిందో లేదో, గొలుసు వదిలేసి వంగి దాని కింద భుజం పెట్టాడు! నేను అరిచాను.

"ఏయ్, ఇవతలికి రా!"

"ఏం చెయ్యాలె అన్నా, బరువు లేస్తుంటే భుజం ఆగుతలేదు."

ఆ అలవాటు తిడితే పోయేది కాదు. అతన్ని గోడ దగ్గర నిలబెట్టి, అతని భార్య లచ్చవ్వను పిలిచాను. "చెల్లె, నువ్వు లాగు."

ఆమె కొంగు బిగించి లాగింది. ఇంజన్ బుద్ధిగా లేచింది. నెమ్మదిగా తోస్తే ట్రాలీ పని బల్ల దాకా దొర్లింది. ఇంజన్ను దింపి నవ్వుతుండగానే మల్లేశం ఫోన్ మోగింది, ఏజెంటే. లచ్చవ్వే మసి చేతులతో ఎత్తింది.

"మా ఆయన రాడు. గీడ మాకు పనున్నది" అని పెట్టేసింది.

నాకు ఇనుము అతకడమే వచ్చనుకునేవాణ్ని. మనిషిని ఊళ్లో నిలబెట్టడం కూడా వచ్చని ఆ షెడ్డులో తెలిసింది. గర్వమా అంటే, అవును, గర్వమే.