ఒక మాటకు ఒక అర్థం చాలనుకున్నాను

కట్టెల మోపు నెత్తిన పెట్టుకున్నవాళ్ళకు ఒక సంగతి తెలుసు. ఎత్తుకునేటప్పుడు ఎట్లాగో ఒక్కరే ఎత్తుకుంటారు. దించుకోవడానికి మాత్రం ఇంకొకరి చెయ్యి కావాలి. లేకపోతే మెడ పట్టుకుపోతుంది. అట్లాంటి మోపు ఒకటి ఏళ్ళ తరబడి నా మీద ఉంది. దించమని ఇంట్లోవాళ్ళను అడగలేను. సంఘంలోవాళ్ళను అసలే అడగలేను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మిమ్మల్ని అడుగుతున్నాను.

నేను పెద్దగా చదువుకున్నదాన్ని కాదు. సిరొంచలో మరాఠీ బడికి కొన్నాళ్ళు పోయాను. తర్వాత పత్తి చేన్లకు కూలికి పోయాను. తెలుగు అక్షరాలు ప్రార్థన పాటల పుస్తకం మీద వేలు పెట్టుకుని నేర్చుకున్నవే. రాతలో తప్పులుంటే ఉంటాయి. వాటికి నాకు సిగ్గు లేదు. నా సిగ్గంతా వేరే చోట ఉంది. పేర్లు మాత్రం మార్చాను. నా పేరు రాయను. అంత ధైర్యం ఇంకా రాలేదు.

ఆ ఎండాకాలం జిమల్‌గట్ట దగ్గర మా చర్చి సంఘంవాళ్ళు అడవి ఊళ్ళ పిల్లలకు ఆటల శిబిరం పెట్టారు. పొద్దున ప్రార్థన, తర్వాత పరుగు, కబడ్డీ, బంతాట. వంటకు నన్ను పిలిచారు. జీతం లేదు, సేవ. నా చేతిలో ఏదీ పాడు కాదని నాకు పేరు. నూనె ప్యాకెట్టును కోసి లోపలంతా వేలితో తుడిచిగానీ పారెయ్యను. పొయ్యిలో ఒక పుల్ల ఎక్కువ మండినా లాగేస్తాను. పిల్లలు అన్నం వదిలితే ఊరుకునేదాన్ని కాదు. నన్ను చూస్తే భయపడేవాళ్ళు. భయం ఉంటేనే బుద్ధి ఉంటుందని అప్పట్లో నా నమ్మకం.

నా కొడుకు బిడ్డ సునీతను వెంట తీసుకుపోయాను. కూరగాయలు తరగడానికని చెప్పాను. కానీ ఆ పిల్ల గిన్నెలు తోమి పరుగెత్తేది, నీళ్ళు తెచ్చి పరుగెత్తేది. తెగిన చెప్పులను సుతిలి తాడుతో కాలికి కట్టుకుని మరీ పరుగెత్తేది.

ఆటలు నేర్పడానికి దూరదేశం నుంచి ఒక పిల్ల వచ్చింది. హన్నా అందాం. ఎండకు ముఖం కందిపోయి, పొద్దంతా నవ్వుతూనే ఉండేది. ఆమెకు తెలుగు రాదు, గోండి రాదు. ఎక్కడో కొంచెం హిందీ నేర్చుకుంది. నాదీ సిరొంచ బజారులో సాయిబుల దుకాణాల ముందు నిలబడి నేర్చుకున్న హిందీయే. పాస్టరయ్య మైదానంలో తిరుగుతుంటాడు కాబట్టి ఆమెకూ పిల్లలకూ మధ్య చాలాసార్లు నేనే వంతెన. గోండి నాకు కొంత వచ్చు. పిల్లల్లో కొందరికి తెలుగూ వచ్చు. అడవి ఊళ్ళో పిల్ల ఏమందో నేను హన్నాకు చెప్పాలి, హన్నా ఏమందో పిల్లకు చెప్పాలి. కూలికి పోయిన మనిషినని ఎవరూ అనుకోకుండా, నా నోటి మాట కోసం అందరూ ఎదురుచూసేవాళ్ళు. అది నాకు బాగుండేది. ఒప్పుకుంటున్నాను, చాలా బాగుండేది.

హన్నా వంటశాలకు వచ్చి ఒక్కొక్క వస్తువును చూపించి "యే క్యా?" అని అడిగేది. గరిటె. నిప్పు. పచ్చిపులుసు. పచ్చిపులుసు తాగిన రోజు ఆమె ముక్కు, కళ్ళు నీళ్ళయినాయి. సునీత పడీ పడీ నవ్వింది.

"బాపమ్మా, ఆమెను సంపుతవా ఏంది? జర కారం తక్కువెయ్యి!"

"తినకపోతే ఎట్ల ఉరుకుతది? తిననియ్యి," అన్నాను నేను.

ఒకరోజు నా కాళ్ళవైపు వేలు చూపింది. చెప్పు, అన్నాను. చెప్పు, చెప్పు అనుకుంటూ గంతులేసింది. ఆ మాటకు ఇంకో అర్థం ఉందని నేను చెప్పలేదు. పిల్లకు ఎందుకు గందరగోళం, ఒక మాటకు ఒక అర్థం చాలనుకున్నాను. మాటల్లో కూడా నాకు పొదుపే.

పిల్లల్లో ఎక్కువమంది ఉత్త కాళ్ళతో వచ్చారు. హన్నా వాళ్ళను పాత పేపర్ల మీద నిలబెట్టి పాదాల చుట్టూ గీత గీసింది. గిలిగింతకు ఒకటే నవ్వులు. ఎవరి బూట్లు ఎవరివో తెలియడానికి ఒక్కొక్కరిని ఒక్కో రంగు దారం ఎంచుకోమంది. మైనీ అనే పిల్ల పసుపు దారం ఎంచుకుంది. సన్నటి పిల్ల. మాట తక్కువ. పరుగు చూస్తే మాత్రం జింక. వాళ్ళ నాన్న ప్రార్థనకు వచ్చి సారా మానిన మనిషి. ఆ సంగతి ఆ పిల్ల తనంతట తాను నాకు చెప్పింది. అడగకుండా ఆమె చెప్పిన మాట అదొక్కటే. "మా బాపు తాగుడు ఇడిసిండు అవ్వా," అని. ఆ పిల్ల ముఖం అప్పుడు ఎట్లా వెలిగిందో నేను చూశాను. చూసి కూడా తర్వాత ఆ పని చేశాను.

సునీత పాదం చుట్టూ ఎవరూ గీత గీయలేదు. వంటామె మనవరాలు కదా, శిబిరం పిల్ల కాదు. నేనూ అడగలేదు. అడిగితే ఇచ్చేవాళ్ళేమో. ఎందుకు అడగలేదు? చెయ్యి చాపడం నాకు చేతకాదు. దొంగిలించడం మాత్రం చేతనైంది.

పాస్టరయ్య అహేరి పోయి బూట్లు తెచ్చాడు. పిల్లలందరూ నాకు తెలుసని ఆ సంచి నా చేతికే ఇచ్చాడు. శిబిరం ముగిసే ముందురోజు పంచాను. ఆరోజు పొద్దున మైనీ రాలేదు. తునికాకు కాలం, వాళ్ళ అమ్మతో ఆకు కొయ్యడానికి పోయింది. పసుపు దారం కట్టిన జత సంచి అడుగున మిగిలింది. సునీతను పిలిచి తొడిగి చూశాను. కొలిచి కుట్టినట్టు సరిపోయాయి.

నా మనసు దాన్ని దొంగతనం అనలేదు. ఏమందో తెలుసా? ఆ పిల్ల మళ్ళీ వస్తుందో రాదో, వచ్చినా శిబిరం అయిపోయాక అడవిలో పడేస్తుంది, వస్తువు పాడు కాకుండా చూస్తున్నావు, అంది. నా పొదుపే నా నోట్లో ఆ మాట పెట్టింది. హన్నా ఇచ్చిందని సునీతకు చెప్పాను. మధ్యాహ్నం మైనీ వచ్చి అడిగింది.

"అవ్వా, నా బూట్లు?"

"నీ కొలతయి దొరకలేదట. పో, అన్నం తిను."

ఇక ఆ దారం. విప్పిన దారాన్ని పారెయ్యడానికి చేతులు రాలేదు. గట్టి దారం, ఎందుకు పారెయ్యాలి? ఉప్పు సంచి మూతికి కట్టాను. మైనీ పళ్ళెం పట్టుకుని వచ్చినప్పుడు ఆ సంచి వైపు చూసింది. నావైపు చూసింది. పళ్ళెం తీసుకుని పోయింది.

శిబిరం చివరిరోజు పరుగుపందెం. ఆడపిల్లల్లో మొదట వచ్చినవాళ్ళను ఆటల హాస్టలుకు పంపిస్తామని పాస్టరయ్య ముందే చెప్పాడు. చదువు, తిండి, నేర్పే మనిషి, అన్నీ అక్కడే. శిబిరం పిల్ల కాకపోయినా ఉరకొచ్చని హన్నా సునీతను కూడా గీత మీద నిలబెట్టింది. మైనీయే గెలుస్తుందని అందరికీ తెలుసు. ఉత్త కాళ్ళతోనే రోజూ అందరికన్నా ముందుండేది. మైదానం అంటే అడవి అంచున చదును చేసిన చేను. తునికి చెట్ల మొదళ్ళు నరికేశారు గానీ ఎండిన మోళ్ళు అక్కడక్కడ నేలలో మిగిలాయి. ముందు ఉరుకుతున్న మైనీ కాలు అట్లాంటి మోడు మీద పడింది. కూలబడింది. వెనకనుంచి సునీత ఆమెను దాటి పోయింది. పసుపు దారం లేని ఆ బూట్లతో.

నేను నీళ్ళ బిందెతో ఉరికాను. నాకన్నా ముందే హన్నా మోకాళ్ళ మీద కూర్చుని ఆ పాదాన్ని ఒడిలో పెట్టుకుంది. నెత్తురు కడిగింది. మిగతా పిల్లలందరికీ బూట్లున్నాయి, ఈ పిల్లకేవి? అది అడగాలనుకుంది. కాళ్ళకు తొడిగేవాటికి తనకు వచ్చిన ఒక్క తెలుగు మాటతో అడిగింది.

"చెప్పు? చెప్పు?"

ఆమె అడిగింది బూట్ల సంగతి. మైనీకి మాత్రం చెప్పమన్నట్టు వినబడింది. ఒక పెద్దమనిషి తన పాదం ఒడిలో పెట్టుకుని, చెప్పు, చెప్పు అని బతిమాలుతోంది. ఆ పిల్లను అంతకుముందు ఎవరైనా అట్లా అడిగారో లేదో. చెప్పేసింది. ఏడుస్తూ, తనకు వచ్చిన తెలుగులో మొత్తం చెప్పేసింది.

"నా బూట్లు అవ్వ తీసుకున్నది. ఆమె మనవరాలికి ఇచ్చింది. ఉప్పు సంచికి కట్టిన పసుపు దారం నాదే."

హన్నా నావైపు తిరిగింది. "క్యా బోలీ, అవ్వా?"

మైదానం ఆ కొసన సునీత చేతులు పైకెత్తి ఎగురుతోంది. నేను ఆవైపు చూశాను. తర్వాత హన్నాకు నా హిందీలో చెప్పాను.

"బాప్ బేచ్ దియా బోల్తీ. దారూ కే లియే."

తండ్రి అమ్ముకున్నాడట, సారా కోసం. తడబడకుండా చెప్పాను. అంత మంచి హిందీ నేను అంతకుముందు మాట్లాడలేదు, తర్వాతా మాట్లాడలేదు.

మైనీకి హిందీ రాదు. కానీ దారూ అన్న మాట ఏ భాషవాళ్ళకైనా అర్థమవుతుంది. బాప్ అన్నదీ అర్థమైంది. ఏడుపు ఆపేసింది. నావైపు చూసింది. అది కోపం కాదు. కోపమైతే ఈపాటికి మరిచిపోయేదాన్ని. పెద్దవాళ్ళు ఇట్లా కూడా చేస్తారా అన్నట్టు చూసింది. నేర్చుకుంటున్నట్టు చూసింది. తర్వాత తన పాదాన్ని హన్నా ఒడిలోనుంచి తీసుకుంది.

హన్నా తన బూట్లే విప్పి ఇవ్వబోయింది. అప్పటికి వచ్చిన పాస్టరయ్యకు హిందీలో సంగతి చెప్పింది. ఆయన ఆపి, సునీత ఉన్న కొసకు పోతూ, "అవి గూడ అమ్ముకుంటరు, వద్దని చెప్పు అవ్వా," అన్నాడు. ఆ మాటను కూడా నేనే హన్నాకు చెప్పాను.

సునీత హాస్టలుకు పోయింది. మైనీ కాలు మానాకైనా ఆమెను కూడా పంపుదామని హన్నా అడిగిందట. తాగుబోతు ఇంటి పిల్ల నిలవదని సంఘం పెద్దలు కొట్టిపారేశారు. పాస్టరయ్య వాళ్ళింటికి పోయి తండ్రిని మందలించాడు. తాగలేదని, అసలు బూట్లే చూడలేదని అతను దేవుడి మీద ఒట్టేశాడట. ఎవరూ నమ్మలేదు. ఆ తర్వాత అతను ప్రార్థనకు రావడం మానేశాడు. తాగుడు మళ్ళీ మొదలుపెట్టాడని కొన్నాళ్ళకు విన్నాను. ఆ మాట విన్నప్పుడు నాకు కలిగింది బాధ ఒక్కటే కాదు. ఇప్పుడు నా అబద్ధం నిజమైంది కదా అని లోపల ఎక్కడో ఊపిరి తీసుకున్నాను. బూట్ల కన్నా, ఆ మాట కన్నా, దీనికే నేను ఎక్కువ సిగ్గుపడుతున్నాను. మనిషి లోపల ఇంత మురికి ఉంటుందా? నాలో ఉంది.

దేవుడు చేసిన మేలు గురించి సంఘంలో సాక్ష్యం చెప్పమంటే నేనేం చెప్పానో కూడా రాయాలి. లేచి నిలబడి, దేవుడు నా మనవరాలికి బూట్లిచ్చాడని చెప్పాను. అందరూ స్తోత్రం అన్నారు. రొట్టె, ద్రాక్షరసం పంచే బల్లారాధన రోజు ఎవరిని వాళ్ళు పరీక్షించుకొమ్మంటారు. తల వంచుకుంటాను. రొట్టె తీసుకుంటాను. ఎన్నేళ్ళుగా మింగుతున్నానో.

ఈ ఎండాకాలం మళ్ళీ శిబిరం ఉంది. పిల్లలకు నాలుగు మాటలు చెప్పమని సునీతను పిలిచారు. మొన్న ఇంటికి వచ్చి, "బాపమ్మా, బూట్ల సాక్ష్యమే చెప్త. నువ్వు ముందట కూసోవాలె," అంది. నా మనవరాలు అబద్ధమాడదు. నా అబద్ధాన్ని నిజమనుకుని మోస్తోంది.

ఆమె వచ్చిపోయిన వారం జిమల్‌గట్ట అంగడికి పోయాను. చింతపండు రాశి ముందు ఒకామె బిడ్డను ఒళ్ళో వేసుకుని కూర్చుంది. మొదట కాలు చూశాను. మడమ పక్కన పాత మచ్చ. తర్వాత ముఖం చూశాను. మైనీ. నన్ను గుర్తుపట్టిందో లేదో ఇప్పటికీ నాకు తెలియదు. తలెత్తి చూసి,

"చెప్పు అవ్వా," అంది.

అంగట్లో ఎవరైనా అనే మాటే. ఏం కావాలో చెప్పు అని. చెప్పాలి. ఇక్కడే, ఈ అంగట్లో చెప్పాలి.

"చింతపండు," అన్నాను.

అంతటితో ఆగినా బాగుండేది. అలవాటు కొద్దీ బేరమాడాను. ఆమెతో బేరమాడాను! ఆమె నవ్వి, సరే తీయ్ అని, తూచిన తర్వాత కొసరుగా ఇంకో గుప్పెడు వేసింది. ముసలిదాన్నని కాబోలు.

ఆ చింతపండు వంటింట్లో అట్లాగే ఉంది. పాడవుతుందేమో. జీవితంలో మొదటిసారి ఒక వస్తువును పాడు కానిస్తున్నాను.

శిబిరంలో ముందు వరసలో కూర్చుంటానా, లేచి నిలబడతానా, తెలియదు. లేస్తానని మీకు మాట ఇవ్వలేను, నా మాట మీద నాకే నమ్మకం లేదు. ఈ నాలుగు ముక్కలు రాశాక మెడ కొంచెం తిరుగుతోంది. అంతే. క్షమించమని మిమ్మల్ని అడగను. ఆ హక్కు మీది కాదు, చింతపండు అమ్ముకునే ఆమెది.

చెప్పు అంది ఆమె. చెప్పాను. అడిగిన ఆమెకు కాదు, అడగని మీకు.