బావిలో ఆగిపోయిన రాజకుమారుడు

ఆ రోజుల్లో మా ప్రత్తిపాడు వైపు మిరప కల్లాల్లో పని చేసే ఆడవాళ్ళకు రెండే ఆధారాలు. ఒకటి ముక్కుకు కట్టుకునే గుడ్డ, రెండోది కథ. గుడ్డ కట్టుకున్నా తుమ్ములు ఆగేవి కావు గానీ, కథ నడుస్తుంటే తుమ్ముకూ తుమ్ముకూ మధ్య కాస్త ఎడం వచ్చేది. కథలంటే పిల్లల్ని నిద్రపుచ్చడానికని ఇప్పుడు అందరూ అనుకుంటారు. మాకవి మెలకువగా ఉండడానికి. ఎండలో ఎర్రటి గుట్ట ముందు కూర్చుని, తాలు కాయలు (రంగు పోయి తెల్లబడ్డ కాయల్ని తాలు అంటాం) ఏరి పక్కన పడేస్తూ పొద్దు గుంకేదాకా నడుం ఎత్తకుండా ఉండాలంటే, మనిషికి ఆ తర్వాత ఏమైందో తెలుసుకోవాలనే ఆశ ఉండాలి. అలాంటి కథల మీద ఒకసారి సంఘపెద్దలు బల్ల మీద కూర్చుని తీర్పు చెప్పారు. ఆ తీర్పు పడింది నా మీద. ఇన్నేళ్ళయినా తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. తప్పు నాదో వాళ్ళదో మీరే చెప్పండి.

నేను కోడలిగా వచ్చింది క్రైస్తవుల ఇంటికి. బాప్తిస్మం పెళ్ళయ్యాక ఇప్పిద్దాంలే అని పెద్దలు మాట్లాడుకుని, మల్లెపూలు, చీర, అప్పగింతల హడావుడిలో ఆ సంగతి మర్చిపోయారు. వాళ్ళు మర్చిపోయినా గుడి మర్చిపోదు కదా. నెలకోసారి ప్రభువు బల్ల ఆరాధన ఉండేది. రొట్టె, ద్రాక్షరసం పంచే ముందు పాస్టరు అయ్యగారు "బాప్తిస్మం పొందనివారు బయటికి వెళ్ళవచ్చు" అనేవారు. వెళ్ళవచ్చు అంటే వెళ్ళాలని. నేను లేచి, చంటిపిల్లల్ని, ఏడ్చేవాళ్ళని వెంటబెట్టుకుని బయట అరుగు మీద కూర్చునేదాన్ని. మా అత్తమ్మ లోపల, మా ఆయన లోపల, ఊళ్ళో ప్రతి గడపతోనూ పోట్లాడిన మా ఆయన మేనత్త కూడా లోపల. నేను మాత్రం బయట, అందరి చెప్పులకు కాపలా. నా ఆకలి రొట్టె కోసం కాదు. ఇంట్లో అందరూ తిన్నాక గిన్నె కడగడానికి పిలిచినట్టు, పాట అయిపోయాక లోపలికి పిలిచేవారు చూడండి, దానికి నా ప్రాణం చివుక్కుమనేది.

ఇంట్లోవాళ్ళకోసం బాప్తిస్మం అడిగానని మాత్రం అనుకోకండి. నేను నమ్మాను. ఎలా నమ్మానో చెప్పాలంటే మా అమ్మమ్మ కథ చెప్పాలి, ఆ కథే నా కొంప ముంచింది.

అమ్మమ్మ కథలో ఒక ఊరికి ఒకే ఒక బావి. ఆ బావిని ఒక రక్కసి పట్టుకుంది. ఆ నీళ్ళు తాగినవాళ్ళందరూ పేర్లు మర్చిపోయారు. తల్లికి బిడ్డ పేరు తెలియదు, మొగుడికి పెళ్ళాం పేరు తెలియదు, ఎవరు ఎవర్ని పిలవాలన్నా నోరు తెరిచి అలా నిలబడిపోయేవారు. ఆ నీళ్ళు తాగని మనిషి ఎవరైనా తనంతట తాను అడుగుకు దిగి తన పేరు బావికి ఇచ్చేస్తేనే ఆ ఊరికి విడుదల. ఎక్కడో ఏడు కొండల అవతల రాజుగారి చిన్నకొడుకు అది విని వచ్చాడు, దిగాడు. రక్కసి బావి మూత మీద తిరగలి రాయంత కాదు, కొండంత రాయి పెట్టింది. మూడో తెల్లవారుజామున ఆ రాయి పగిలింది. పైకి వచ్చిన కుర్రవాడు తన పేరు చెప్పుకోలేదు. ఊళ్ళో ఒక్కొక్కర్నే వాళ్ళ పేరు పెట్టి పిలిచాడు. అక్కడికొచ్చాక అమ్మమ్మ, కథ వింటున్న మా అందరి పేర్లూ వరసగా పిలిచేది. నా పేరు వచ్చేదాకా నేను ఊపిరి బిగపట్టుకుని ఉండేదాన్ని.

అత్తగారింట్లో నాకు మొదటి ఈస్టరు. అయ్యగారు వాక్యం చెబుతున్నారు. సమాధి మీద రాయి, మూడో రోజు, ఖాళీ. ఆడవాళ్ళ చాప మీద కూర్చున్న నేను అప్పటికే మా అత్తమ్మ మోకాలు పట్టుకున్నాను. తోటలో ఏడుస్తూ నిలబడ్డ ఒకామెను ప్రభువు ఆమె పేరు పెట్టి పిలిచాడని, పిలిచేదాకా ఆమె ఆయన్ని గుర్తుపట్టలేదని అయ్యగారు చెప్పారు. మా అమ్మమ్మ చెప్పింది అబద్ధం కాదు, ఎక్కడ జరిగిందో మర్చిపోయిందంతే అనుకున్నాను. ఆ రోజే నమ్మాను.

మరుసటి ఏడు, ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలంలో, కల్లాలు మంచి ఊపు మీద ఉండగా, నన్ను విచారణకు పిలిచారు. అంటే బాప్తిస్మం అడిగినవాళ్ళని సంఘపెద్దలు ప్రశ్నలు వేసి చూడడం. అత్తమ్మ చేత చెప్పించుకుని ఆజ్ఞలూ విశ్వాస ప్రమాణమూ అన్నీ నోటికి పట్టాను. గడగడా అప్పజెప్పాను. అందరికంటే పెద్దాయన చివరికి మెత్తగా అడిగాడు. "అంతా బాగానే చెప్పావమ్మాయ్. ఇంతకీ ప్రభువు నీకోసం లేచాడని నీకెట్టా తెలుసు?"

నిజం అడిగారు కదా అని నిజం చెప్పాను. బావి, రక్కసి, రాయి, అమ్మమ్మ, పేర్లు, అన్నీ. చెబుతుంటే నాకే కళ్ళు చెమ్మగిల్లాయి. వాళ్ళ కళ్ళు మాత్రం పెద్దవయ్యాయి.

"రక్కసి ఎక్కడిదమ్మా మన వాక్యంలో?" అన్నాడు పెద్దాయన.

"మన వాక్యంలో లేదండి, మా అమ్మమ్మ కథలో ఉంది."

"నువ్వు మారలేదమ్మాయ్. ఒక కథలోంచి లేచొచ్చి ఇంకో కథలో కూర్చున్నావు." (ఈ పెద్దాయనే, తుమ్మబీడు దగ్గర తనను దయ్యం పలకరించి చుట్ట అడిగిందని ఊరందరికీ ప్రమాణం చేసి మరీ చెప్పేవాడు. దానికి విచారణ లేదు.)

తీర్పేమిటంటే, ఈస్టరు దాకా నేను కల్లంలో గానీ ఇంట్లో గానీ మాయకథలు చెప్పకూడదు. నోరు అదుపులో ఉంటే అప్పుడు బాప్తిస్మం సంగతి చూస్తారు. నా నోటికి కాపలా బైబిలమ్మగారు. ఇంటింటికీ తిరిగి ఆడవాళ్ళకు వాక్యం చెప్పే ఉద్యోగం ఆమెది. తెల్లచీర, నల్లగొడుగు, నవ్వితే జీతం తెగ్గోస్తారన్నట్టుండే ముఖం.

నాకు అక్షరాలు వచ్చింది చాలా ఏళ్ళకు, పిల్లల పెళ్ళిళ్ళయ్యాక. వేలు పెట్టి కూడబలుక్కుంటూ సువార్తలు చదువుకుంటే ఏం తెలిసింది? ప్రభువు చేసిన పనే కథలు చెప్పడం. తప్పిపోయిన గొర్రె, ఇల్లొదిలి పోయిన కొడుకు, పొలంలో దొరికిన నిధి. ఏ ఊరు, ఏ పేరు అని ఆయన్ని విచారణకు పిలిచినవాళ్ళు లేరు. పెద్దలంతా చదువుకున్నవాళ్ళే కదా, ఆ పుటలు రానే రాలేదా వాళ్ళకి? ఆ రోజు పుస్తకం పక్కన పెట్టేసి, ఎప్పుడో చచ్చిపోయిన పెద్దాయన్ని గోడకేసి చూస్తూ చెడామడా తిట్టాను.

సరే, అప్పటి మాటకొస్తాను. తీర్పు వచ్చిన నాటికి కల్లంలో నా కథ సరిగ్గా బావి మీద రాయి పెట్టిన దగ్గర ఉంది. మర్నాడు నేను వెళ్ళి, మూతికి గుడ్డ కట్టుకుని, కిక్కురుమనకుండా కాయలు ఏరుతున్నాను.

"ఏందమ్మాయ్, రాయి పగిలిందా లేదా?" అంది పక్కనున్న పిన్ని. ఊరందరికంటే ఎక్కువ తుమ్మేది కాబట్టి ఆమెను తుమ్ముల పిన్ని అనేవాళ్ళం.

"చెప్పకూడదంట పిన్నీ. చెబితే బాప్తిస్మం ఇయ్యరంట."

పిన్ని చేతిలో కాయ కింద పడేసింది. "అంటే, ఆ బిడ్డని బావిలో వదిలేసి నువ్వెళ్ళి మోక్షం తెచ్చుకుంటావా?"

ఆ మాటతో కల్లమంతా నా మీద పడింది. వాళ్ళలో మా గుడికి వచ్చేవాళ్ళు తక్కువ, రానివాళ్ళే ఎక్కువ. అయినా ఆ కుర్రవాడి మీద అందరికీ సమాన హక్కులున్నాయి. చేతులు నడవడం మానేశాయి, తుమ్ములు ఎక్కువయ్యాయి, తాలు కాయలు మంచి కాయల్లో కలిసి మేస్త్రి గోల పెట్టాడు. "కథన్నా చెప్పించండి, లేకపోతే కళ్ళన్నా పెట్టి ఏరండి" అని తిట్టాడు. ఆఖరికి అన్నాల వేళ పిన్ని నలుగురిని వేసుకుని బైబిలమ్మగారి ఇంటికే పోయింది. "అమ్మగారూ, మా పిల్ల నోరు మీరు మూశారంట. అయితే ఆ బావిలోవాణ్ణి మీరే పైకి తియ్యండి" అని గుమ్మంలో కూర్చుంది.

బైబిలమ్మగారు తెలివైనది. ఆ మర్నాడు గొడుగు వేసుకుని కల్లానికి వచ్చి, "కల్పించింది ఎందుకమ్మా, జరిగింది చెబుతా వినండి" అని మొదలుపెట్టింది. ఒప్పుకోవాలి, బాగా చెప్పింది. తోట, ముద్దు పెట్టి పట్టించిన స్నేహితుడు, ముళ్ళ కిరీటం. కల్లంలో ఒక్కరూ తుమ్మలేదు. సమాధి దాకా వచ్చింది, రాయి దొర్లించి పెట్టారు అంది, పొద్దు వంక చూసి గొడుగు తీసుకుని లేచింది. "మిగతాది ఆదివారం గుడికొచ్చి వినండి."

పిన్ని నడుం మీద చేతులు పెట్టుకుని లేచింది. "ఈమె కూడా రాయి పెట్టేసి పోతందే. మీ గుళ్ళో అందరికీ ఇదే అలవాటా అమ్మగారూ?"

ఆ సాయంత్రం ఇంటికి పోతుంటే బైబిలమ్మగారు పత్తి చేల గట్టు మీద నాతోపాటు నడిచింది. కొంత దూరం పోయాక గొడుగు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుని అడిగింది.

"ఇంతకీ ఆ కుర్రాడు పైకొచ్చాడా?"

"చెప్పనని మాటిచ్చానండి" అన్నాను. నా కోపం మీరు అర్థం చేసుకోవాలి.

"కల్లంలో, ఇంట్లో చెప్పొద్దన్నారు. ఇది గట్టు."

"మాయకథలండి, మీకు అంటుకుంటాయేమో."

"ఎగతాళా? నేను అడుగుతున్నది విచారణ కింద. చెప్పు."

విచారణ కిందే చెప్పాను. రాయి పగిలింది, కుర్రవాడు వచ్చాడు, ఒక్కొక్కర్నే పేరు పెట్టి పిలిచాడు. అమ్మమ్మ పద్ధతి ప్రకారం వింటున్నవాళ్ళ పేరు చెప్పాలి. అప్పుడు తెలిసింది నాకు, ఈమె పేరు నాకు తెలియదని. ఊళ్ళో ఎవరికీ తెలియదు.

"మీ పేరేందమ్మగారూ?"

ఆమె నా వంక వింతగా చూసింది. నెమ్మదిగా చెప్పింది, చిన్నపిల్లను పిలుచుకునే ముద్దుపేరు అది. దాన్ని ఇక్కడ రాయను. రాజుగారి చిన్నకొడుకు గొంతు పెట్టి ఆ పేరు పిలిచాను. ఆమె ఆగిపోయి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "కల్లం ఘాటు" అంది. కల్లం అప్పటికి కనుచూపు మేరలో లేదు.

పెద్దల దగ్గర ఆమె ఏం చెప్పిందో నాకు తెలియదు. "పరవాలేదు, ఇయ్యొచ్చు" అని మాత్రం అన్నదట. నా కథ మంచిదని గానీ, తాము అన్నది పొరపాటని గానీ ఎవరూ అనలేదు, ఆమెతో సహా. అనుమతి వచ్చింది గానీ న్యాయం రాలేదు, అదీ నా బాధ.

ఈస్టరు పొద్దున్నే కాలువ దగ్గర బాప్తిస్మం. కల్లం ఆడవాళ్ళంతా గట్టు మీద వరసగా నిలబడ్డారు. అయ్యగారు నన్ను వెనక్కి వాల్చి ముంచబోతుంటే తుమ్ముల పిన్ని గొంతు వినపడింది. "చూసుకుని పైకి రా అమ్మాయ్, నువ్వు కూడా అందులో ఉండిపోతే మేమెవర్నడగాలి?" అయ్యగారి చేతులు నవ్వుకు వణికాయి, నేను రెండు గుక్కల కాలువ నీళ్ళు తాగి పైకి వచ్చాను. ఆ ఆదివారం బయట అరుగు మీద నా చోటు ఖాళీగా ఉంది. లోపల అత్తమ్మ పక్కన కూర్చుని, పెద్దాయన వంక సూటిగా చూస్తూ రొట్టె తీసుకున్నాను.

గుడి నుంచి ఇంటికి నడుస్తూ దారంతా నేను పెద్దాయన్నే సాధిస్తున్నాను. రక్కసి ఎక్కడిదంట, దయ్యానికి చుట్ట ఇచ్చినాయన అడుగుతున్నాడు, అని. వినీ వినీ అత్తమ్మ ఆగి, తన కొంగుతో నా నెత్తి అద్దుతూ అంది. "ఒసే, ఇప్పుడే కదే కడిగించుకుని వస్తున్నావు. కనీసం ఆ జుట్టు ఆరేదాకన్నా ఆగవే."

ఆనాటి ఆ పిల్ల ఆగలేదు. ఇంకా తడారని జడతో, బుగ్గలు ఉబ్బించుకుని, అత్తగారి కంటే రెండడుగులు ముందు విసవిసా నడిచి వెళ్ళిపోయింది. ఇప్పుడు తలుచుకుంటే దాన్ని ఒక్కసారి వెనక్కి పిలిచి కూర్చోబెట్టి, ఆ జుట్టు నేనే తుడవాలనిపిస్తుంది. తుడుస్తూ, పోనీలేవే అని చెప్పాలనిపిస్తుంది. చెప్పనులెండి. తప్పు పెద్దాయనదే.