వల గెడకు కట్టిన నెంబరు

మా పెద్దమ్మాయి పోయింది. మీలో కొందరికి ఈపాటికి తెలిసే ఉంటుంది, తెలియనివాళ్లకు ఇప్పుడు చెబుతున్నాను. వానలు వెనకపట్టిన వారంలో, ఒక పొద్దున్న, మా ఇంట్లోనే, నా చెయ్యి పట్టుకుని పోయింది. కడుపులో పుట్టిన జబ్బు తీసుకుపోయింది. విన్నవాళ్లంతా అయ్యో అన్నారు. నాకు మాత్రం ఏడుపు కంటే ముందు ఒక పెద్ద ఊపిరి వచ్చింది. కన్నతల్లికి అలాంటి ఊపిరి ఎందుకొచ్చిందో చెప్పుకోవాలనిపించి రాస్తున్నాను.

మాది శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు. మా ఆయన వేటకు వెళతాడు. నేను చేపలు ఎండబెట్టి అమ్ముతాను. పెద్దది చిన్నప్పుడు, పడవలు ఒడ్డుకు చేరగానే ఇసుకలో పరుగెత్తి, రోడ్డు మీద చేపలు కొనే బండి వెళ్లిపోకుండా ఆపేది. ఆ పరుగు మరి ఆగలేదు. చదువుకుని బళ్లో ఆటల టీచరైంది. పెళ్లి మాటెత్తితే, నాతో సమానంగా పరుగెత్తేవాణ్ని చూడమనేది. బూట్లు కడిగి, నేను కవళ్ల చేపలు ఎండేసే పందిరి మీదే ఆరేసేది. ఆరేసి నా మీదే అరిచేది.

"అమ్మా, నా బూట్లు కవళ్ల కంపు కొడతన్నాయి!"

"కొట్టనీయే. ఎక్కడ పడిపోనా మా గుంటే అని ఆనవాలు దొరుకుతాది."

ఒక ఏడు, విజయనగరం వైపు పెద్ద పరుగు ఒకటి పెట్టారు. పొద్దున్న మొదలుపెడితే మర్నాటి దాకా పరుగెత్తడమే. దానికోసం ఏడాది పొడుగునా తెల్లవారకముందే లేచింది. నాకు అర్థమయ్యేది కాదు.

"ఎవులు తరుముతన్నారే నిన్ను?" అన్నాను ఒకరోజు.

"ఎవులూ తరమరమ్మా. అదే కష్టం," అంది.

మా మరిది ఆత్రగాడు. పరుగు ఇంకా మొదలవకముందే, గెలిచి వచ్చినట్టు పెద్ద ఫ్లెక్సీ కొట్టించి వీధి మొదట్లో కట్టించేశాడు. పెద్దది చీపురుపల్లి దాటాక వాంతులు చేసుకుని, కాళ్లు కొయ్యబారిపోయి, ఆగిపోయింది. ఎలాగో రైలెక్కి, ఆటో ఎక్కి, గుండె మీద నెంబరు గుడ్డ అలాగే ఉండగా వీధిలో దిగింది. ఎదురుగా ఫ్లెక్సీ మీద దాని మొహమే నవ్వుతోంది. తలొంచుకుని లోపలికి వెళ్లిపోయింది. మరిది ఆ ఫ్లెక్సీ విప్పి మడిచి నా చేతికిచ్చాడు. నేను బొమ్మ కిందకి తిప్పి దాని మీద చేపలు ఎండేశాను.

మా ఒడ్డున ఒక పద్ధతి ఉంది. గాలి మారిందని పడవ తిప్పుకుని, ఉత్తి వలతో వచ్చినవాణ్ని ఎవరూ ఏమీ అడగరు. ముందు చోడి అంబలి, అదే రాగి అంబలి, పోస్తారు. వాడు తాగి, వాడంతట వాడు చెబితే వింటారు. లేకపోతే లేదు. నన్ను ఈ ఇంటికి తెచ్చిన రోజుల్లోనే మా అత్త చెప్పింది, "తిరిగొచ్చినోడి మొహం సూడాల గాని బుట్ట సూడకూడదే" అని.

నేనూ అంబలే పోశాను. అది బడికి పోకుండా, ఒడ్డున ఎత్తి పెట్టిన పడవ నీడలో కూర్చునేది. పొద్దు వాలితే వచ్చేది. రోజులు అలాగే పోతున్నాయి. మళ్లీ మనిషి అవుతుందా అని నా భయం. పక్కింటామె ఉండబట్టలేక వచ్చింది.

"ఏటే, మద్దిలో దిగిపోనావట?"

"నీ మొగుడు ఉత్తి వలతో వచ్చినప్పుడు నానొచ్చి అడిగినానేటే? ఎల్లెల్లు," అని గుమ్మంలోంచే పంపేశాను.

ఆ సాయంత్రం అదే నోరు విప్పింది.

"నువ్వయినా అడగవేటమ్మా, ఎందుకాగిపోనావని?"

"మీ అయ్య పడవ తిప్పేసినప్పుడు ఎప్పుడైనా అడిగినానా?"

"అయ్య పడవలో ఇంకా నలుగురుంటారు. ఆల కోసం తిప్పుతాడు. నానొక్కదాన్నే కదా."

"నీ ఎనకాల నాను లేనేటే?"

అది నా వైపు చూసింది. అంబలి గిన్నె ఎత్తి ఖాళీ చేసింది.

అప్పుడే మా ఆయన, అది పొయ్యి దగ్గర పడేసిన నెంబరు గుడ్డ తీసి, లాగి చూశాడు, నీళ్లలో ముంచి చూశాడు. "ఒలమ్మో, ఇది తడవదు, సిరగదు! నా గెడకి బాగుంటాది," అన్నాడు. సముద్రంలో వల వేసిన చోట ఆనవాలుకి తేలే గెడ ఒకటి వదులుతారు, దాని చివర ఏదో ఒక రంగు గుడ్డ కడతారు.

"అయ్యా, అది ఆగిపోయినోల్ల నెంబరు," అంది పెద్దది.

"మరి వల కాడ గెడ ఆగాల గాని, పరిగెడితే నానెక్కడని ఎతకాలే?"

పక్కున నవ్వింది. ఎన్నాళ్ల తరువాతో ఆ నవ్వు విన్నాను. మర్నాడు బడికి వెళ్లింది. పిల్లలు అడిగితే, "ఆగిపోయాను, రైలెక్కి వచ్చేశాను, టిక్కెట్టు కూడా కొన్నాను" అని చెప్పిందట. మళ్లీ పరుగెత్తింది కూడా. ఎంత దూరమో నేను అడగలేదు.

తరువాత జబ్బు వచ్చింది. పట్నం ఆసుపత్రిలో మందులు ఎక్కించారు, జుట్టు పోయింది, తిండి పోయింది. ఇంకోసారి ఎక్కించి చూడొచ్చు గాని నమ్మకంగా చెప్పలేమన్నారు డాక్టరుగారు. అది నా వైపు తిరిగింది.

"అమ్మా, గాలి మారిపోనాది. తిప్పేద్దాం."

ఎందుకే అన్న మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. ఒక్కసారి చూద్దామే తల్లీ, నాకోసమే అని బతిమాలాలనిపించింది. దాని మొహం చూశాను. పడవ నీడలో కూర్చున్నప్పటి మొహం కాదు. దేనికీ సిగ్గుపడని మొహం.

"పద. ఇంటికెల్లి అంబలి తాగుదువు గాని," అన్నాను.

కళ్లు మూసుకుని, నెత్తి మీది తట్ట దించినట్టు ఊపిరి వదిలింది. అది పోయిన రోజు నాకు వచ్చిన ఊపిరి అదే.

ఇంటికొచ్చాక సూదులు లేవు. నొప్పికి మందు ఉంది, గుమ్మంలో మంచం ఉంది, సముద్రం గాలి ఉంది. బూట్లు పందిరి మీదే ఉంచమంది. కంపు కొడతాయే అంటే, కొట్టనీ అంది. ఇంకొక్కసారి చేయించి ఉంటే బతికేదేమోనని ఇప్పటికీ కొందరు అంటారు. వాళ్ల ప్రేమ కొద్దీ అంటారు. రాత్రులు నాకు నిద్ర పడుతోంది. అది చాలు.

పెద్దకర్మ అయ్యాక మా ఆయన మళ్లీ వేటకు వెళ్లాడు. పొద్దున్నే అంబలి కుండతో ఒడ్డున నిలబడ్డాను. పడవ కెరటం ఎక్కి దిగి వస్తోంది. ముందు గెడ కనపడింది. దాని చివర నెంబరు గుడ్డ ఎండకి తెల్లబడిపోయి, అంకెలన్నీ చెరిగి, ఒక్కటే మిగిలి, గాలికి టపటపా కొట్టుకుంటోంది. మా ఆయన దిగి నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. ఏం పడిందని నేను అడగలేదు. గిన్నెలో అంబలి పోశాను.